కాలేజీ మారాలంటే



"ఈ కాలేజీలో ఉండలేను, వేరేచోట చేర్పించండి" అని హాస్టలు నుండి బిడ్డ కబురు చేస్తే మన గుండె జారిపోతుంది. కట్టిన ఫీజు, చేసిన అప్పు కళ్లముందు మెదులుతాయి. కోపపడకముందు కారణం అడగండని మా మనవి. ఇంటిమీద బెంగైతే కొన్నాళ్లకు తగ్గవచ్చు. ర్యాగింగ్ అయితే ఆలస్యం చేయవద్దు. అది ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే చట్టరీత్యా నేరమైంది. బిడ్డ ప్రాణం ఫీజుకంటె విలువైనది.

మారాలని నిశ్చయించుకుంటే, కొత్త కాలేజీలో ఆ గ్రూపులో ఖాళీ ఉందేమో ముందు కనుక్కోండి. సీటు ఖాయం కాకుండా టి.సి. తీసుకోవద్దు. డిగ్రీ పిల్లలకు ఇద్దరు ప్రిన్సిపాళ్ల సమ్మతి, యూనివర్సిటీ అనుమతి అవసరం. యూనివర్సిటీయే మారితే మైగ్రేషన్ సర్టిఫికెట్టు కూడా కావాలి. ఫీజు రీయింబర్స్‌మెంటు కొనసాగుతుందో లేదో ఆఫీసులో అడగండి. ఉన్నత విద్యాసంస్థలు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపుకొనరాదని యు.జి.సి. 2018లో ప్రకటించింది. కాబట్టి భయపడక దరఖాస్తు వ్రాసి ఇవ్వండి, నకలు దాచుకోండి.

గోపురము కట్టబోవువాడు ముందుగా ఖర్చు లెక్కించుకొనడం గూర్చి ప్రభువు బోధించెను (లూకా 14). మనమును బిడ్డను ప్రక్కన కూర్చోబెట్టుకొని లెక్క చూద్దాము, కలిసి ప్రార్థిద్దాము.