నట్టు బిగిసినంత మాత్రాన చక్రం కుదిరినట్టు కాదు

పాత కారుకి వేరే మోడల్ అల్లాయ్ చక్రాలు వేయించాలని ఏ ఆటోనగర్‌లో అడిగినా దాదాపు ఒకే జవాబు వస్తుంది: "రంధ్రాలు కలుస్తాయి కదా, ఇంకేం, ఎక్కించేద్దాం." టైర్ల షాపులోనూ ఇదే మాట, కార్ల గురించి బాగా తెలుసనుకునే మిత్రుల నోటా ఇదే మాట. ఇది తప్పు. మాటవరసకి తప్పు కాదు, ప్రాణాల మీదకి తెచ్చే తప్పు. సెకండ్ హ్యాండ్ కారు కొని, దాన్ని కాస్త ముచ్చటగా చూసుకుందామనుకునే కుటుంబాలే దీనికి ఎక్కువగా బలవుతున్నాయి.

రంధ్రాలు చెప్పేది ఒక్కటే: నాలుగు బోల్టుల కేంద్రాల మీదుగా గీసిన వలయం వ్యాసం ఎంత అని. దాన్నే పిసిడి అంటారు. స్విఫ్ట్, హోండా సిటీ, పాత శాంట్రో మూడింటికీ అది 100 మిల్లీమీటర్లే. కాబట్టి ఒకదాని చక్రం రంధ్రాలు ఇంకొకదాని బోల్టులకి కలుస్తాయి. కానీ రంధ్రాలు కలవడం వేరు, చక్రం కుదురుకోవడం వేరు.

సిటీకి కంపెనీ ఇచ్చిన అల్లాయ్‌ని పాత స్విఫ్ట్‌కి పెట్టి చూడండి. చక్రం నడిమి రంధ్రం 56.1 మిల్లీమీటర్లు, స్విఫ్ట్ హబ్బు 54.1. ఆ రెండు మిల్లీమీటర్ల తేడాని హబ్ రింగుతో పూడ్చకపోతే చక్రాన్ని సరిగ్గా మధ్యలో నిలిపే పనంతా నట్ల మీద పడుతుంది. ఆ నట్లు కూడా సరిగ్గా కూర్చోవు. హోండా చక్రంలో నట్టు కూర్చునే చోటు గిన్నె అడుగులా గుండ్రంగా ఉంటుంది. స్విఫ్ట్ నట్టు మొన ఏటవాలుగా, శంకువులా ఉంటుంది. ఆ గుండ్రటి గుంటలో ఈ మొన ఆనేది సన్నటి అంచు మీద మాత్రమే. పానా వేసి కాలితో తొక్కితే గట్టిగానే బిగిసినట్టు అనిపిస్తుంది. గతుకుల రోడ్డు మీద తిరిగే కొద్దీ ఆ అంచు అణిగి, బిగువు సడలుతుంది. పోనీ హోండా నట్లే వేద్దామంటే మరలు కలవవు: హోండాది 1.5 పిచ్, సుజుకీది 1.25. చేత్తో ఒకటి రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. ఎయిర్ గన్ పెడితే స్టడ్డు మరలు కోసుకుంటూ లోపలికి పోతుంది. కావలసింది 1.25 మర ఉండి, మొన గుండ్రంగా ఉన్న నట్లు. అవి దొరక్కపోతే ఆ చక్రం ఎంత అందంగా ఉన్నా, ఎంత చవగ్గా వచ్చినా వదులుకోవాల్సిందే.

ఫియట్ పాలియో, పుంటోల పిసిడి 98. రెండు మిల్లీమీటర్ల తేడాయే కదా అని 100 చక్రాన్ని మామూలు బోల్టులతో లాగి బిగించేవాళ్లున్నారు. దాని మీద చర్చే అక్కర్లేదు, అది చేయకూడని పని.

పెద్ద చక్రం వేస్తే పట్టు పెరుగుతుందనేది ఇంకో నమ్మకం. శాంట్రో జింగ్‌కి వచ్చే 155/70 ఆర్13 టైరు మొత్తం వ్యాసం 547 మిల్లీమీటర్లు. గ్రాండ్ ఐ10 చక్రాన్ని దాని 165/65 ఆర్14 టైరుతో సహా తెచ్చి బిగిస్తే అది 570 అవుతుంది, అంటే నాలుగు శాతం పైగా ఎక్కువ. మీటరు 80 చూపిస్తున్నప్పుడు కారు మునుపటి 80 కంటే మూడు కిలోమీటర్లకు పైగా వేగంగా పోతుంటుంది. పికప్ తగ్గుతుంది, నలుగురు ఎక్కి స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు లోపల రాసుకోవచ్చు కూడా. అదే రిమ్ముకి 155/65 ఆర్14 వేస్తే తేడా రెండు శాతంలోపే.

చక్రాలు మార్చనే కూడదని నేననడం లేదు. 2011లో వచ్చిన స్విఫ్ట్‌లో కింది వేరియంట్లకి 165/80 ఆర్14, జడ్ఎక్స్ఐకి 185/65 ఆర్15 ఇచ్చారు. రెండు టైర్ల వ్యాసాల్లో తేడా రెండు మిల్లీమీటర్లు. హబ్బు అదే, నట్టు అదే. జడ్ఎక్స్ఐ చక్రాలు తెచ్చి విఎక్స్ఐకి నిశ్చింతగా వేసుకోవచ్చు. ఆ ధైర్యం రంధ్రాలు కలిసినందుకు వచ్చింది కాదు, మిగతా లెక్కలన్నీ కలిసినందుకు వచ్చింది.

"ఇన్నేళ్లుగా వేస్తున్నాం, ఏ కారుకీ ఏమీ కాలేదు" అంటారు. ఎలా తెలిసింది? రిమ్ము వెనక ఈటీ అని అచ్చుపోసి ఉండే ఆఫ్‌సెట్ అంకె తక్కువైతే చక్రం బయటికి జరుగుతుంది, వీల్ బేరింగు మీద ఒత్తిడి పెరుగుతుంది. కొన్ని నెలలకి బేరింగు గుయ్యిమని మోగితే యజమాని వెళ్లేది మెకానిక్ దగ్గరికి, చక్రాలమ్మిన షాపుకి కాదు. మెకానిక్ రోడ్లని తిట్టి బేరింగు మారుస్తాడు. షాపతనికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు, కాబట్టి అతని లెక్కలో ఏమీ కానట్టే. ఆ అనుభవాన్ని సాక్ష్యంగా నేను ఒప్పుకోను.

స్టెప్నీ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. నాలుగు చక్రాలూ మార్చాక డిక్కీలో మిగిలేది పాత స్టీలు చక్రమే. కొత్త అల్లాయ్‌ల కోసం గుండ్రటి మొన నట్లు వేయించారనుకోండి, రాత్రి హైవే మీద పంక్చరైతే ఆ నట్లు స్టీలు చక్రంలో సరిగ్గా కూర్చోవు. పాత నట్లేమో షాపు మూల డబ్బాలో పడి ఉంటాయి. చక్రాలు అమ్మేవాడు ఆ పాత నట్లని సంచిలో కట్టి డిక్కీలో పెట్టి, ఏది దేనికో చెప్పి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ వచ్చి బిగువు చూపించుకోమని చెప్పి పంపాలి. అది చెప్పని షాపులో చక్రాలు మార్పించుకోవద్దు.