జేబులో కత్తి, గుండెలో భయం

లండన్‌లోని ఇస్లింగ్టన్ ప్రాంతంలో 2008 జూన్ 29న అర్ధరాత్రి దాటాక బెన్ కిన్సెల్లా అనే 16 ఏళ్ళ కుర్రవాడు కత్తిపోట్లకు బలయ్యాడు. స్కూలు పరీక్షలు ముగిసిన సంతోషంలో స్నేహితులతో బయటికి వెళ్ళినవాడు! తనకు సంబంధం లేని గొడవ అతని ప్రాణం తీసింది. 2009లో ముగ్గురు యువకులకు యావజ్జీవ శిక్ష పడింది. అయితే బెన్ తల్లిదండ్రులు, టీవీ నటి అయిన అతని అక్క బ్రూక్ అక్కడితో ఊరుకోలేదు. అతని పేరిట ఒక ట్రస్టు నెలకొల్పారు.

కత్తి వెంట తీసుకెళ్ళి హత్య చేసినవారికి కనీస శిక్షను లెక్కించడం అప్పట్లో 15 ఏళ్ళ నుండి మొదలయ్యేది. ఆ కుటుంబం పోరాటం ఫలించి 2010లో అది 25 ఏళ్ళయింది. శిక్ష పెరిగింది గానీ కత్తిపోట్లు ఆగలేదు. ఎందుకని? కత్తి పెట్టుకు తిరిగే పిల్లలందరూ చంపాలని తిరగరు. చాలామందిని తిప్పేది భయమే. వాడి దగ్గర ఉందేమోనని వీడు, వీడి దగ్గర ఉందేమోనని వాడు.

గెత్సేమనే తోటలో పేతురు దగ్గరా కత్తి ఉంది. దెబ్బ తగిలింది ఎవరికి? పంపిన ప్రధాన యాజకుడికి కాదు, అతని దాసుడైన మల్కుకి. భయంతో లేచిన కత్తి తగలవలసినవాణ్ణి, తగలకూడనివాణ్ణి చూడదు. పోనీ, అది పేతురుకు ధైర్యమైనా ఇచ్చిందా? అదే రాత్రి ఒక పనిపిల్ల అడిగిన మాటకే బెదిరిపోయాడు. ప్రభువు కత్తిని ఒరలో పెట్టమనడమే కాదు, తెగిన చెవిని ముట్టి బాగుచేశాడు.

ఈ భయం దగ్గరే ట్రస్టు పని మొదలవుతుంది. ఇస్లింగ్టన్‌లోనూ, తరువాత నాటింగ్‌హామ్‌లోనూ ప్రదర్శనశాలలు ఏర్పాటు చేసి, బడిపిల్లలను పిలిచి బెన్ కథ చెబుతారు. ఒక్క నిర్ణయం పోయినవాడి ఇంటినీ, పొడిచినవాడి ఇంటినీ ఏం చేస్తుందో చూపిస్తారు. పసివాళ్ళకు ఇవన్నీ ఎందుకని కొందరంటారు. చెప్పవలసిందేనని మా అభిప్రాయం. సండేస్కూల్లో కయీను కథ చెప్పడం లేదా? తమ్ముణ్ణి చంపాక అతడు ఎలా బ్రతికాడో కూడా పరిశుద్ధ గ్రంథం దాచలేదు కదా!

మన సంఘాల నుండి చదువులకు, ఉద్యోగాలకు ఇంగ్లాండు వెళ్ళిన కుటుంబాలు ఆ వీధుల్లోనే పిల్లల్ని పెంచుతున్నాయి. బడి నుండి వచ్చిన కుర్రవాణ్ణి మార్కులెన్ని అని అడుగుతాం. దారిలో ఎవరికైనా భయపడుతున్నావా అని అడుగుతున్నామా?

అక్కడి సంఘాలు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 2003లో రెవరెండ్ లెస్ ఐజాక్ లండన్‌లో ‘స్ట్రీట్ పాస్టర్స్’ పరిచర్య ప్రారంభించారు. వేర్వేరు సంఘాల విశ్వాసులు వారాంతపు రాత్రులలో వీధుల్లో తిరుగుతారు. వీరు ప్రసంగాలు చేయరు. కూలబడినవారికి మంచినీళ్ళు ఇస్తారు, వట్టి కాళ్ళతో నడిచేవారికి చెప్పులిస్తారు, గొడవ ముదిరేచోట నిలబడి మాట కలుపుతారు. పగిలితే ఆయుధమయ్యే ఖాళీ సీసాలను ఏరి చెత్తబుట్టలో వేస్తారు.