నీడకీ మొక్కలున్నాయి

తులసి ఎండిపోతే ఇల్లాలి మీద నింద వేయడం నాకు అస్సలు నచ్చదు. తులసికి రోజూ కనీసం 5, 6 గంటల ఎండ కావాలి. ఎదురు అపార్ట్‌మెంట్ అడ్డొచ్చే బాల్కనీలో అదెక్కణ్ణుంచి వస్తుంది? నీళ్లు ఎక్కువ పోస్తే ఇంకా నష్టం. నీడలో మట్టి త్వరగా ఆరదు, వేళ్లు కుళ్లిపోతాయి.

నీడ ఇంటికి నీడ మొక్కే అందం. తమలపాకు తీగకి మంచి వెలుతురుంటే చాలు, నేరుగా ఎండ అక్కర్లేదు. నోముకీ, తాంబూలానికీ ఇంటి ఆకే! ఇంకాస్త చీకటి మూలైతే స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్ పెట్టండి. వేలు పెట్టి చూసి, మట్టి ఆరాకే నీళ్లు పోయండి. ఈ రెంటి ఆకులూ నమిలితే మంచిది కాదు, పసిపిల్లలకి అందనివ్వకండి.

తులసమ్మని మేడ మీద ఎండలో ఉంచి, దీపం అక్కడే పెట్టుకుందాం. మొక్క వాడిపోతే ముందు ఎండ సంగతి చూడండి. కోడలి చెయ్యి మంచిది కాదనడం ఇకనైనా మానేద్దాం.