లోపలి చిన్న బెల్టు

మన వీధుల పిల్లలు శానామంది ఇప్పుడు మిల్లు గేటు వైపు పోవడం లేదు, స్టీరింగు పట్టుకుంటున్నారు. నాయనకు మిల్లులో వచ్చిన పీఎఫ్ డబ్బు, అమ్మ నగలు కుదువ పెట్టి తెచ్చిన డబ్బు, రెండూ కలిపి ఒక పాత డీజిలు బండి కొంటారు. పోదనూరు జంక్షన్ దగ్గర నిలిపి ఊటీకి, పళనికి బాడుగ తోలుతారు. ఒక్క బండితో బతుకు మొదలుపెట్టడం మనవాళ్ళకు కొత్త కాదు. తెలుగింటి బిడ్డ జి.డి. నాయుడు గారు 1920లో పొల్లాచ్చి–పళని దారిలో ఒక్క బస్సుతోనే మొదలుపెట్టినారు. ఆ ఒక్క బండి నిలిచిపోతే ఇల్లు నిలిచిపోతుంది. అందుకే ఈ నెల, ఇంజన్ లోపల కంటికి కనిపించని ఒక చిన్న బెల్టు గురించి రాస్తున్నాను.

పాత పజేరో స్పోర్ట్ కొన్న ఒక తమ్ముడు అడిగినాడు: “అన్నా, టైమింగ్ బెల్టు మార్చమని షెడ్డులో ఇచ్చినాను. లోపల ఇంకో చిన్న బెల్టు ఉండాదంట. అది లేకున్నా బండి నడుస్తాదంట. ఇప్పుడు దాన్ని మార్చేది దండగ అంటా ఉండారు. నిజమేనా?”

సగం నిజం. మిగతా సగం తెలియకనే ఇంజన్లు చెడిపోతున్నాయి.

2012లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఆ బండిలో ఉండేది 2.5 లీటర్ల మిత్సుబిషి డీజిలు ఇంజన్, పేరు 4డి56. దాని ముందు వైపు కవరు విప్పితే పళ్ళ బెల్టులు రెండు కనిపిస్తాయి. బయటిది పెద్దది, టైమింగ్ బెల్టు. వాల్వులు ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో వేళ తప్పకుండా చూసేది అదే. దాని వెనక, ఇంజన్ గోడ దగ్గర ఉండేది చిన్నది. అది బ్యాలెన్స్ షాఫ్టులను తిప్పుతుంది.

ఆ షాఫ్టులు ఎందుకంటే, నాలుగు సిలిండర్ల ఇంజన్లో రెండు పిస్టన్లు పైకి పోతే రెండు కిందికి వస్తాయి. ఒకదాని ఊపును ఇంకొకటి అణచాల. కాని పూర్తిగా అణచదు. కనెక్టింగ్ రాడ్డు వాలుగా ఊగుతూ నడుస్తుంది కాబట్టి, పిస్టను పై సగంలో వేగంగా, కింది సగంలో కొంచెం నిదానంగా పోతుంది. ఆ తేడా వల్ల క్రాంకు ఒక చుట్టు తిరిగేలోపల ఇంజన్ రెండుసార్లు పైకీ కిందికీ అదురుతుంది. ఇంజన్ ఎంత పెద్దదైతే ఆ అదురు అంత జాస్తి. దాన్ని అణచడానికే, ఒక పక్క బరువు పెట్టిన రెండు షాఫ్టులు ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో తిరుగుతాయి. వాటి వేగం క్రాంకుకు రెండింతలు. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే అవి 6000 చుట్లు తిరుగుతాయి. ఈ ఉపాయం బ్రిటిష్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్‌ది, నూరేళ్ళు దాటిన మాట. 1970లలో మిత్సుబిషి దాన్ని బాగుచేసి ‘సైలెంట్ షాఫ్ట్’ అని పేరు పెట్టింది. పోర్షే కంపెనీ కూడా వాళ్ళ దగ్గర లైసెన్సు తీసుకుంది.

కాబట్టి చిన్న బెల్టు పని అదురు తగ్గించడమే. అది లేకున్నా ఇంజన్ తిరుగుతుందనే మాట అబద్ధం కాదు. చిక్కు ఆ బెల్టు ఉండే చోటుతో వస్తుంది.

మిల్లు సంగతితో చెపుతాను. రింగు ఫ్రేములో ఒక టేపు నాలుగు స్పిండిళ్ళను తిప్పుతుంది. టేపు తెగితే ఆ నాలుగే నిలుస్తాయి, మిగతా ఫ్రేము నడుస్తానే ఉంటుంది. మెయింటెనెన్సులో ఉన్నప్పుడు అట్లాంటి టేపులు నేను లెక్కలేనన్ని మార్చినాను. ఇంజన్లో అట్లా కాదు. రెండు బెల్టులూ ఒకే కవరు కింద, ఒకదాని పక్కన ఒకటి తిరుగుతాయి. చిన్నది తెగితే దాని తునకలు పెద్ద బెల్టు కిందికి పోయి ఇరుక్కుంటాయి. పెద్ద బెల్టు పళ్ళు దాటుతుంది, లేదంటే అదీ తెగుతుంది. డీజిలు ఇంజన్లో పిస్టనుకూ వాల్వుకూ నడుమ సందు శానా తక్కువ. వేళ తప్పితే రెండూ కొట్టుకుంటాయి. రాకర్లు విరుగుతాయి, వాల్వులు వంగుతాయి, హెడ్డు దించాల్సి వస్తుంది. ఒక్క బెల్టు ఖర్చు మిగిలిందనుకున్న ఇంట్లో ఇంజన్ పని ఖర్చు వచ్చి కూర్చుంటుంది. ఆ నెల లోను కంతు మాత్రం ఆగదు.

డబ్బు ఒక్కటే కాదు. కూనూరు నుంచి మేట్టుపాళయానికి ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ ఆగిపోయిందనుకోండి. బ్రేకుకు, స్టీరింగుకు ఇంజన్ ఇచ్చే సాయం పోతుంది. బ్రేకు గట్టిపడుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. వెనక సీట్లో ఒక కుటుంబం ఉంటుంది.

బెల్టు రబ్బరుతో చేసింది. ఎండకు, ఇంజన్ వేడికి ఏండ్ల తరబడి నానా బాధ పడుతుంది. క్రాంకు సీలు, షాఫ్టు సీళ్ళ దగ్గర ఆయిలు కారితే ఇంకా తొందరగా చెడుతుంది. తెగేముందు అది గట్టిగా చెప్పదు. కాబట్టి పైకి బాగనే ఉండాది అనే మాట నమ్మొద్దండి. చిన్న బెల్టును చేరాలంటే పెద్దదాన్ని ఎట్లాగూ విప్పాల. కూలి ఎక్కువగా ఆ విప్పేదానికే. విప్పినాక పాత చిన్న బెల్టునే మళ్ళీ మూసిపెట్టడం, ఉడికిన అన్నం మీద ఉడకని పప్పు పోసినట్టే.

పని చేయించేటప్పుడు పక్కన నిలబడి ఇవి చూడండి. రెండు బెల్టులూ, రెండింటి టెన్షనర్లూ ఒకేసారి మారాల. ఆయిలు కారిన గుర్తు ఉంటే సీళ్ళు కూడా. పుల్లీల మీద గుర్తులుంటాయి, అవి ఇంజన్ మీది గుర్తులతో సరిగ్గా కలవాల. బ్యాలెన్స్ షాఫ్టు గుర్తు తప్పితే, అదురు తగ్గించాల్సిన బరువే అదురును పెంచుతుంది. బెల్టును స్క్రూడ్రైవరుతో మీటి ఎక్కించకూడదు, మడత పెట్టకూడదు, ఆయిలు చేయి తగలకూడదు. టెన్షనరు బోల్టు బిగించేటప్పుడు దానితోపాటు టెన్షనరు కూడా తిరిగితే బెల్టు అతిగా బిగుసుకుంటుంది. అప్పుడు ఇంజన్ కూత పెడుతుంది. అంతా అయినాక స్టార్టు చేయకముందే, క్రాంకును పానాతో ఇంజన్ తిరిగే దిక్కులోనే రెండు చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ చూడాల. ఆ రెండు చుట్లకు పట్టేది కొన్ని నిమిషాలే.

ఇంకొక మాట కూడా షెడ్డుల్లో వినిపిస్తుంది: చిన్న బెల్టు తీసి పారేస్తే పీడ పోతుంది గదా అని. అన్ని ఇంజన్లకూ అది చెల్లదు. కొన్నిట్లో ఒక షాఫ్టును ఆ బెల్టు తిప్పితే, రెండోదాన్ని ఆయిలు పంపు తిప్పుతుంది. అప్పుడు ఒకటి ఆగి ఒకటి తిరిగితే, అసలు ఏదీ తిరగనప్పటికన్నా బండి అడ్డంగా ఊగుతుంది. రోజుకు పది గంటలు కూర్చుని తోలేవాడి నడుము ఆ లెక్క చెల్లిస్తుంది.

అన్ని బండ్లలోనూ ఈ బెల్టు ఉండదు. కొన్నిట్లో ఆ షాఫ్టులను చైనో పళ్ళ చక్రాలో తిప్పుతాయి. శానా చిన్న ఇంజన్లలో ఆ షాఫ్టులే ఉండవు. పాత బండి కొనేముందు ఇది ఒక్కటి అడిగి తెలుసుకోండి. ఉంటే, రెండు బెల్టులూ ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చినారో బిల్లు చూపమనండి. బిల్లు లేకుంటే మార్చలేదనే అనుకొని, ఆ ఖర్చు బేరంలో తగ్గించి, కొన్న వారంలోనే మార్పించండి. తరువాత ఎన్ని కిలోమీటర్లకు అనేది బండి పుస్తకం చెప్పినట్టు నడవండి.

పని ముగిసినాక పాత బెల్టులు రెండూ అడిగి చేతికి తీసుకోండి. బానెట్టు లోపలి వైపు తేదీ, కిలోమీటర్లు పెయింటుతో రాయించండి. ఇంట్లో బండి లెక్క చూసేది అక్కో, అమ్మో అయితే వాళ్ళకు కూడా ఆ అంకె చెప్పి పెట్టండి. డ్రైవరు మరిచిపోయినా వాళ్ళు మరువరు.

వచ్చే నెల రేడియేటరు నీళ్ళ సంగతి చూద్దాం.