కనిపెట్టుకొనుట సోమరితనము కాదు

దేవుని కొరకు కనిపెట్టుకొనుట యనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట యని కొందరు తలంతురు. మేమట్లు తలంపము. 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీన జూయెట్ దొరగారు కొద్దిమంది విశ్వాసులతో ఒంగోలు కొండ నెక్కి, ఆ ప్రాంతమునకు బోధకుని పంపుమని ప్రార్థించిరి. క్లౌ దొరగారు ఒంగోలున కాపురముండుటకు 1866వ సంవత్సరము వచ్చెను. ఆ నడుమ తెలుగు మిషనును మూసివేయుదమను మాట అమెరికాలో పుట్టినను జూయెట్ గారు సమ్మతింపలేదు.

1876–78 కరవులో క్లౌగారు బకింగుహాము కాలువ త్రవ్వకమున బీదలకు కూలి కల్పించిరి. అన్నమునకై మతమున చేరిరను మాట రాకుండునట్లు ఆ కరవు దినములలో బాప్తిస్మము లియ్యక నిలిపిరి. పిదప 1878 జూలై 3వ తేదీన ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

విద్యార్థులారా, ప్రార్థించి పుస్తకము మూయువాడు కనిపెట్టువాడు కాడు. ఫలము దేవునిది, నేటి పని మనది.