లుఖ్మీ విరిచి చూడండి



రెండు నెలల కింద హన్మకొండలో ఒక షాదీకి పోయాను. నేను మామూ అని పిలిచే దూరపు చుట్టం తన మూడో బిడ్డ నికా చేస్తున్నాడు. ఆటో నడిపి ముగ్గురు ఆడపిల్లల్ని చదివించిన మనిషి. దస్తర్‌ఖాన్ పరిచారు. ముందుగా లుఖ్మీ వచ్చింది. బంగారు రంగు, నలుచదరం, అంచులు స్కేలు పెట్టి కోసినట్టు. బిస్మిల్లా అని విరిచాను. లోపల గోరంత ముద్ద. ఖీమా అయితే పళ్ల కింద నలగాలి, ఇది స్పంజిలా సాగింది. నానబెట్టిన సోయాకు మసాలా, నిమ్మరసం, ఎర్ర రంగు పట్టించి, పేరుకు నాలుగు పోగుల గోష్ కలిపారు.

నా ఎదురుగా కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు కూడా విరిచారు. ఒకాయన నవ్వి, "క్యా మియా, ఖీమా కిదర్ గయా?" అన్నాడు. రెండో ఆయన, "లడ్కీవాలే హైనా, బచత్ కర్‌రే" అన్నాడు. సరిగ్గా అప్పుడే మామూ వాళ్ల వెనక నుంచి నీళ్ల జగ్గుతో వస్తున్నాడు. విన్నాడు. విననట్టు గ్లాసులు నింపుకుంటూ ముందుకు పోయాడు. ఆయన చెయ్యి వణకడం నేను చూశాను.

మామూ బచత్ చేయలేదు. మూడొందల మందికి ప్లేటు లెక్కన రేటు మాట్లాడుకుని, బయానా ఇచ్చి, చిట్టీ ఎత్తి మిగతాది కట్టాడు. ధోకా చేసింది కాంట్రాక్టు తీసుకున్నవాడు. ఇజ్జత్ పోయింది ఆడపిల్ల తండ్రిది.

ఆ ఇద్దరు లుఖ్మీని సరిగ్గానే అంచనా కట్టారు, అందులో ఖీమా లేదన్నది నిజం. కానీ తీర్పు తప్పు మనిషి మీద ఇచ్చారు, తప్పు చోట ఇచ్చారు. నా గుస్సా అంతా దీని మీదే. దావత్‌లో పళ్లెం ముందు కూర్చుంటే మన ఖౌమ్‌కు నోరు లేస్తుంది. హోటల్ కౌంటర్ దగ్గర, కేటరర్‌కు బయానా ఇచ్చే రోజు మాత్రం అదే నోరు పడిపోతుంది. ఉండాల్సింది దీనికి ఉల్టా.

రసూలుల్లాహ్ (స.అ.స.) ఎన్నడూ భోజనానికి వంక పెట్టలేదని హదీసుల్లో ఉంది. ఇష్టమైతే తినేవారు, లేకపోతే వదిలేసేవారు. ఇది మనలో చాలామందికి తెలుసు. తిండి బాగాలేదని ఎవరైనా అంటే వెంటనే ఈ హదీసు చెప్పి నోరు మూయిస్తాం. మరి సహీ ముస్లింలో ఉన్న ఇంకో వాఖియా ఎందుకు గుర్తుకు రాదు? బజారులో ఒక ధాన్యం కుప్ప దగ్గర ఆయన ఆగారు. చెయ్యి లోపలికి పెట్టారు. వేళ్లకు తడి తగిలింది. ఏమిటిదని అడిగితే, వానకు తడిసిందని అమ్మేవాడు చెప్పాడు. మరి జనానికి కనబడేలా ఆ తడి గింజల్ని పైన ఎందుకు పెట్టలేదని నిలదీశారు. ధోకా చేసేవాడితో తనకు సంబంధం లేదని తేల్చేశారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మెహమాన్‌గా దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నప్పుడు జబాన్‌కు అదుపు. కొనేవాడిగా బజారులో నిలబడ్డప్పుడు కుప్పలోకి చెయ్యి. ఒకటి అదబ్, ఇంకోటి ఇన్సాఫ్. అదబ్ చూపాల్సిన చోట ఇన్సాఫ్ మొదలుపెడతాం, ఇన్సాఫ్ అడగాల్సిన చోట అదబ్ అని తప్పించుకుంటాం.

లుఖ్మీ, ఖీమా సమోసా కూడా ఆ ధాన్యం కుప్పలాంటివే. పైన ఎండ, లోపల ఏముందో విరిస్తే తప్ప తెలియదు. బిర్యానీలో బోటీ కనబడుతుంది, కబాబ్‌కు మూత ఉండదు. మైదా పొర కప్పిన తిండి మాత్రం పూర్తిగా అమానత్ మీద నడిచే తిండి. చేసినవాడికి అల్లాహ్ భయం ఉంటే అది నేమత్. లేకపోతే చెత్తబుట్టకు పోవాల్సినదంతా దాచడానికి అంతకంటే మంచి సంచి లేదు.

ఇది నిన్న మొన్నటి తిండి కాదు. అరబ్బీలో లుఖ్మా అంటే ఒక ముద్ద, మన దక్కన్ దావత్‌లలో అది లుఖ్మీ అయింది. దాని అన్న సమోసా ఇంకా పాతది. ఇబ్న్ బతూతా 1334లో ఢిల్లీకి వచ్చి, సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో తిన్న సంబూసక్ గురించి రాశాడు. సన్నగా కొట్టిన గోష్, బాదం, అక్రోట్, పిస్తా, ఉల్లి, మసాలాలు పల్చని రొట్టెలో చుట్టి నెయ్యిలో వేయించేవారట. ఆ సుల్తానే షాహ్‌జాదాగా ఉన్నప్పుడు ఉలుగ్ ఖాన్ పేరుతో 1323లో మన వరంగల్ కోటను జయించి, ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు మార్చాడు. ఆ పేరు నిలవలేదు. ఆయన దస్తర్‌ఖాన్ మీది సమోసా మాత్రం ఇవాళ స్టేషన్ రోడ్డు చాయ్ బండి మీదికి కూడా దిగింది. బాదం, పిస్తా పోతే పోనీ. గోష్ కూడా పోతే ఎట్లా?

మంచి లుఖ్మీ ఎట్లుంటుందో తెలిస్తేనే కదా ఖరాబ్‌ది పట్టుకునేది. మా నానీమా ఖీమాను మిషన్‌కు పంపేది కాదు, చాకుతో తరిగేది. మిషన్‌లో అయితే కొవ్వు, నరం, నిన్నటి ముక్క అన్నీ ఒకటే అయిపోతాయని. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చితో నీళ్లన్నీ ఇగిరిపోయేదాకా వండి, కొత్తిమీర, పుదీనా, నిమ్మరసం వేసి, ఒక తాంబాళంలో పరిచి పూర్తిగా చల్లార్చేది. వేడిగా నింపితే ఆవిరికి మైదా మెత్తబడి నూనె తాగుతుంది. మైదాలో నెయ్యి, ఉప్పు వేసి గట్టిగా కలిపి, తడి గుడ్డ కప్పి ఉంచేది. మధ్యస్తం మంట మీద వేయించేది. ఆమె చేసినవి చల్లారాక కూడా తినబుద్ధయ్యేది.

ఆమె దగ్గర నేర్చుకున్న పరఖ్ ఇదీ. మొదట చేతిలోకి తీసుకోండి. బరువుండాలి. పొట్ట ఉబ్బి తేలిగ్గా ఉంటే లోపల గాలి. కాగితం మీద రెండు నిమిషాలు పెట్టండి. నూనె మరక పాకుతూ పోతే పిండి తాగేసిందని అర్థం. తర్వాత మధ్యకు విరవండి, అంచు కొరికి మురిసిపోవద్దు. ఖీమా ఒక మూలకు కాకుండా అంచులదాకా ఉండాలి, గింజ గింజగా విడిపోవాలి. ఎర్రగా మెరుస్తుంటే అనుమానించండి. రంగే కావాలంటే మన వరంగల్ చపాట మిర్చి ఉంది, 2025లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కారం తక్కువ, రంగు ఎక్కువ. డబ్బాలో రంగు ఎందుకు? చివరగా, చట్నీ, నిమ్మకాయ లేకుండా ఒక ముక్క తినండి, కొంచెం చల్లారాక. వేడి, పులుపు, కారం మూడూ ఐబులు దాచేవే. చల్లటి లుఖ్మీ అబద్ధం చెప్పలేదు.

నూనె సంగతి వేరే చెప్పాలి. చాయ్ హోటళ్లలో పొద్దున పోసిన నూనెలో రాత్రిదాకా సమోసాలు తేలుతుంటాయి. మర్నాడు దాని మీదే కొత్త నూనె పోస్తారు. వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే అది వంటకు పనికిరాదని దేశంలో రూల్ ఉంది, 2018 జూలై 1 నుంచి. ఆ లెక్క తీసే మీటరు మన దగ్గర ఉండదు. కళ్లున్నాయి, ముక్కుంది. నూనె చాయ్ డికాక్షన్‌లా నల్లబడి, చిక్కబడి, నురగ కడుతూ, పొగకు గొంతు మండుతుంటే అక్కడ నిలబడొద్దు. మన మర్దులు ఆ బల్లల ముందు రోజూ గంటలు గడుపుతారు, బీపీ గోలీలు కూడా అక్కడే మింగుతారు.

ఇదంతా చూడని మనం అడిగేది ఒక్కటే సవాల్: "హలాల్ హైనా భాయ్?" కౌంటర్ వెనక టోపీ పెట్టుకున్నాయన తల ఊపుతాడు. మన తఫ్తీష్ ఖతమ్. ఖురాన్ హలాల్ పక్కనే తయ్యిబ్ అనే మాట పెట్టింది. శుభ్రమైనది, మేలైనది అని. మనం ఒక కాలు మీద నడుస్తున్నాం. జబీహా సరిగ్గా జరిగిన జానవర్ గోష్‌ను మూడు రోజులు పాడు ఫ్రిజ్‌లో ఉంచి, నల్ల నూనెలో వేయించి, సోయా కలిపి ఖీమా అని అమ్మితే, ఆ హలాల్ బోర్డు దేనికి గవాహీ?

ఇంకో మాట, చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్తాను. మన దావత్‌లకు హిందూ దోస్తులు, పక్కింటివాళ్లు, ఆఫీసువాళ్లు వస్తారు. "ఇది ఛోటే కా, మీరు బేఫికర్‌గా తినండి" అని మనమే వడ్డిస్తాం. వాళ్లు మన మాట మీద తింటారు. కాంట్రాక్టరు పైసల కోసం దాంట్లో బడే కా కలిపితే? ఖీమా అయ్యాక ఎవరు గుర్తుపడతారు? బడే కా గోష్ తినడం మన హక్కు, దాని గురించి ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు. కానీ నమ్మి వచ్చినవాడి నోట్లో అబద్ధం పెట్టడం ఖియానత్. ఆ ఖియానత్‌కు జవాబు చెప్పాల్సింది కాంట్రాక్టరు ఒక్కడే కాదు, అడగకుండా ఊరుకున్న మనం కూడా.

"రేట్లు పెరిగాయి భాయ్, ఏం చేస్తాం" అంటారు హోటల్‌వాళ్లు. నిజమే, గోష్ ధర నాకూ తెలుసు. అయితే లుఖ్మీ రేటు పెంచండి, లేదా ఆలూ సమోసా అని బోర్డు పెట్టి ఆలూ అమ్మండి. సోయా సమోసా అని రాసి అమ్మితే నేనే కొనుక్కుని తింటాను, సోయా హరామ్ కాదు. దానికి ఖీమా అని పేరు పెట్టడమే హరామ్ కమాయీ.

పేరుకూ లోపలి సరుకుకూ ఉన్న ఈ జగడా మన ఒక్కరిదే కాదు. ఇంగ్లాండులో పబ్బుల్లో పై అని ఒకటి అమ్ముతారు, మైదా పొరలో మాంసం నింపి కాల్చేది. అడుగు, పక్కలు లేకుండా గిన్నెలో కూర పోసి పైన మైదా మూత పెట్టి ఇస్తే అది పై కానే కాదని అక్కడివాళ్లు ఏళ్లుగా కొట్లాడుతున్నారు. వాళ్లదే కార్నిష్ పాస్టీ అనే ఇంకో రకానికి 2011లో యూరప్‌లో చట్టపు రక్షణ తెచ్చుకున్నారు. అందులో గొడ్డు మాంసం కనీసం 12.5 శాతం, కూరగాయలు 25 శాతం ఉండాలి. లేకపోతే ఆ పేరు పెట్టకూడదు. పబ్బు మనం పోయే చోటు కాదు. కానీ ఆ పట్టుదల మనకు ఎందుకు లేదు? హైదరాబాద్ హలీమ్‌కు 2010లో జీఐ గుర్తింపు వస్తే ఖుషీ అయ్యాం. లుఖ్మీలో ఇంత ఖీమా ఉండాలని మన మొహల్లాలో ఒక్కరైనా ఎప్పుడైనా అడిగారా?

అడగడం మొదలుపెడదాం. బయానా ఇచ్చే రోజే కేటరర్‌ను నమూనా చేయించమనండి, విరిచి చూడండి. కిలో ఖీమాకు ఎన్ని లుఖ్మీలు చేస్తాడో కాగితం మీద రాయించండి. గోష్ ఏ ఖసాయి దగ్గర తెస్తాడో అడగండి, వీలైతే మీరే కొనివ్వండి. పద్నాలుగు అంకెల ఫుడ్ లైసెన్స్ నంబరు చూపమనండి. షాదీ రోజు ఇంటి మనిషి ఒకరు కడాయి దగ్గర నిలబడాలి. ఇవన్నీ కాంట్రాక్టరుకు నచ్చవు. ఈమాన్‌దార్ బావర్చీకి మాత్రం నచ్చుతాయి, ఎందుకంటే సోయావాడి రేటుతో పోటీపడలేక నష్టపోతున్నది ఆయనే.

లడ్కేవాలోఁకు కూడా ఒక మాట. పన్నెండు రకాలు కావాలని లిస్టు ఇచ్చేది మీరే. ఆ లిస్టు పొడుగయ్యే కొద్దీ ప్రతి రకంలోనూ గోష్ తగ్గుతుంది, ఆడపిల్ల తండ్రి చిట్టీ పెరుగుతుంది. నికాను ఆసాన్ చేయమని ప్రతి ఖుత్బాలో వింటాం, ఆమీన్ అంటాం, బయటికొచ్చి మెనూ కార్డు తెరుస్తాం. ఒక బిర్యానీ, ఒక మీఠా, పెట్టగలిగితే నిజమైన ఖీమాతో తలా ఒక లుఖ్మీ. చాలు. బర్కత్ ఉండేది అందులోనే.

దావత్ అయిపోయాక మామూ నన్ను పక్కకు పిలిచి, "ఖానా కైసా థా బేటా?" అని అడిగాడు. "బహుత్ అచ్ఛా థా మామూ, అల్లాహ్ బర్కత్ దే" అన్నాను. అది అదబ్. మర్నాడు పొద్దున మామూకు తెలియకుండా ఆ కాంట్రాక్టరు దుకాణానికి పోయి, రుమాలులో కట్టుకొచ్చిన లుఖ్మీని గిరాకీల ముందు ఆయన బల్ల మీద విరిచి పెట్టాను. ముందు అరిచాడు. తర్వాత చుట్టూ చూశాడు. ఆఖరికి ఇంకో ఫంక్షన్‌కు పనికొస్తుంది, కొంత తగ్గించుకుంటాను అన్నాడు. ఇంకో ఫంక్షన్ వద్దు, మామూకు తిరిగి ఇవ్వమన్నాను. ఇంకా ఇవ్వలేదు. నేను కూడా పోవడం మానలేదు.

ఈసారి మీరు కూడా రండి.