అడిగే విద్య

"మనకెవరిస్తారండీ?"

మన కళాశాలలో పరిశోధన గ్రాంటు మాట ఎత్తితే చాలు, మొదట వినిపించే జవాబు ఇదే. స్టాఫు రూములో పెద్దలూ ఇదే అంటారు, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లూ ఇదే అంటారు, క్యాంటీనులో టీ తాగుతూ డిగ్రీ పిల్లలు కూడా ఇదే అంటున్నారు. ఐఐటీలకిస్తారు, సెంట్రల్ యూనివర్సిటీకిస్తారు, సీసీఎంబీకిస్తారు. రాష్ట్ర విశ్వవిద్యాలయం కింద బతికే మన కాలేజీకి ఎవరిస్తారు? ఈ మాటలో సగం నిజముంది. ఆ సగం సంగతి తరువాత చెబుతాను. మిగతా సగం మాత్రం మనకు మనమే పాడుకునే జోలపాట. ముందు దాని సంగతి చూద్దాం.

తొలి దశ పరిశోధకులకు దేశంలో తలుపులు బొత్తిగా లేవని అనడానికి వీల్లేదు. 2008 చట్టంతో ఏర్పడిన సెర్బ్ సంస్థ, కొత్తగా ఉద్యోగంలో చేరిన అధ్యాపకులకు రెండేళ్లకు 30 లక్షల రూపాయల వరకు స్టార్టప్ గ్రాంటు ఇచ్చేది. 2023లో పార్లమెంటు అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ చట్టం చేశాక సెర్బ్ అందులో కలిసిపోయింది. ఆ ఫౌండేషను 2024లో ప్రధానమంత్రి పేరు మీద తొలి దశ పరిశోధకుల గ్రాంటు మొదలుపెట్టింది. మూడేళ్లకు 60 లక్షల వరకు, ఓవర్‌హెడ్సు అదనం. ఉద్యోగం ఇంకా దొరకని పీహెచ్‌డీల కోసం ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ పథకం ఐదేళ్లపాటు ఫెలోషిప్పూ, దానితో పాటు ఏటా 7 లక్షల పరిశోధన వ్యయమూ ఇస్తూ వచ్చింది. జీవ, వైద్య శాస్త్రాలవాళ్లకు డీబీటీ–వెల్‌కమ్ ట్రస్టు ఇండియా అలయన్స్ ఉంది. 2008లో పుట్టిన ఆ సంస్థ ఆఫీసు ఢిల్లీలో కాదు, మన హైదరాబాదులోనే ఉంది.

తలుపులున్నాయి సరే, తట్టడం ఎవరు నేర్పారు? మన సిలబస్‌లో ఎక్కడా లేదు. పీహెచ్‌డీ కోర్సువర్కులో గణాంకాలు చెబుతాం, గ్రంథసూచి రాయడం చెబుతాం. ప్రజల సొమ్ము అడిగే కాగితం ఎలా రాయాలో మాత్రం చెప్పం. పేరున్న సంస్థల్లో ఈ విద్య తాతల ఆస్తిలా చేతులు మారుతుంది. గైడు తన పాత దరఖాస్తు శిష్యుడి చేతిలో పెడతాడు, పక్క ల్యాబు ప్రొఫెసరు చిత్తుప్రతి చదివి మార్జిన్లో ఎర్ర ఇంకుతో దులిపేస్తాడు. మన దగ్గర ఎవరి దరఖాస్తు వాళ్ల బీరువాలో తాళం కింద ఉంటుంది. ఆమధ్య నాకొక గ్రాంటు మంజూరైంది. అప్పటి నుంచి చాలామంది చిత్తుప్రతులు నా దగ్గరికి వస్తున్నాయి. వాటిని చదివాక నాకు కలిగిన అభిప్రాయం ఒక్కటే: మనవాళ్లకు తెలివి తక్కువై కాదు, అడిగే విద్య తెలియక వెనకబడుతున్నారు.

గ్రాంటును చాలామంది తెలివికిచ్చే బహుమతి అనుకుంటారు. అందుకే దరఖాస్తు నిండా గోల్డ్ మెడళ్లూ, అచ్చయిన పేపర్ల పట్టికలూ నింపేస్తారు. కాని అది రాబోయే మూడేళ్ల పనికి ఇచ్చే అడ్వాన్సు. అడ్వాన్సు ఇచ్చేవాడు ఏమడుగుతాడు? ఏం పని చేస్తావు, ఎలా చేస్తావు, నీవల్ల అవుతుందా అని అడుగుతాడు. మేస్త్రీకి డబ్బిచ్చేటప్పుడు మనమూ అవే అడుగుతాం కదా!

ఒక ఉదాహరణతో చెబుతాను. నా కాపురం గగన్‌పహాడ్‌లో. బెంగుళూరు రోడ్డు పక్కన, ఒకవైపు గుట్టలూ బండరాళ్లూ, ఇంకోవైపు ఫ్యాక్టరీ షెడ్లూ. 2008లో శంషాబాదుకు విమానాశ్రయం వచ్చాక ఈ రోడ్డు ముఖమే మారిపోయింది. 2020 అక్టోబరు వానలకు మా అప్ప చెరువు తెగి నీళ్లు జాతీయ రహదారి మీద పడ్డాయి. రోడ్డు కోసుకుపోయింది, ప్రాణాలూ పోయాయి. 2024 ఆగస్టు చివర్లో హైడ్రావాళ్లు వచ్చి ఆ చెరువులో కట్టిన షెడ్లు కూల్చారు. ఇక్కడికి దగ్గర్లోనే కాటేదాన్ పారిశ్రామికవాడ. అక్కడి మట్టిలో సీసం, క్రోమియం లాంటి లోహాలు మితిమీరి ఉన్నాయని ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రజ్ఞులు 2008లోనే ప్రచురించారు.

ఇప్పుడు ఒక కెమిస్ట్రీ విద్యార్థి దీనిమీద దరఖాస్తు రాయాలనుకున్నాడనుకోండి. "గగన్‌పహాడ్ ప్రాంత జలవనరుల కాలుష్యం – ఒక సమగ్ర అధ్యయనం" అని పేరు పెడతాడు. ఇది టాపిక్కే గాని ప్రశ్న కాదు. "సమగ్ర" అన్న మాట కనబడగానే చదివేవాడికి ఆవులింత వస్తుంది. అదే విద్యార్థి ఇలా అడిగితే? "పారిశ్రామికవాడల పక్కనున్న చెరువుల అడుగు బురదలో లోహాలు పేరుకుని ఉంటే, కట్ట తెగినప్పుడు ఆ బురద ఎక్కడ మేటవేస్తుంది? అక్కడి బోరు నీళ్లలోకి ఆ లోహాలు దిగుతాయా? దిగితే ఎన్నేళ్లలో?" దీనికి అవునో కాదో జవాబు ఉంటుంది. ఏది తేలినా దేశానికి పనికొస్తుంది. ఎందుకంటే చెరువులూ ఫ్యాక్టరీలూ పక్కపక్కనే ఉన్న ఊరు మాదొక్కటే కాదు. మన ఊరి సంగతి అడుగుతూనే అందరికీ చెందిన ప్రశ్న అడగడం అంటే ఇదే.

ఈ ప్రశ్నను ముందు తెలుగులో రాసుకోండి అని నా సలహా. తెలుగు మీడియంలో చదివివచ్చిన పిల్లలు ఇంగ్లీషు దరఖాస్తు అనగానే సగం చచ్చిపోతారు. భయపడి, ఎవరో రాసిన పెద్ద పెద్ద మాటలు ఏరుకొచ్చి అతికిస్తారు. రోడ్డు పక్క టీ కొట్టాయనకు మూడు వాక్యాల్లో చెప్పలేకపోతున్నామంటే లోపం భాషలో లేదు, ప్రశ్న ఇంకా కుదరలేదని అర్థం. తెలుగులో కుదిరితే ఇంగ్లీషులో దించడం ఎంతసేపు? సమీక్షకుడు కూడా మనిషే. మన శాఖవాడే అయివుంటాడని నమ్మకం లేదు. పగలు పాఠాలు చెప్పుకుని, రాత్రి దరఖాస్తుల కట్ట ముందేసుకుని కూర్చుంటాడు. మొదటి పేజీలోనే మన ప్రశ్న అతనికి అందాలి.

తరువాతది లక్ష్యాల సంగతి. ఎనిమిది లక్ష్యాలు రాసినవాడి కంటే మూడు రాసినవాణ్ణే నమ్ముతారు. ఆ మూడూ గొలుసులా ఒకదానికొకటి వేలాడకూడదు. మొదటిది ఫలించకపోతే మిగతా రెండూ కూలిపోయే పథకానికి డబ్బు ఎవరు పెడతారు? అనుకున్నది కాకపోతే ఏం చేస్తావో కూడా రాయాలి. మనవాళ్లు ఇది రాయడానికి జంకుతారు. "ఫెయిలవుతుందని మనమే చెప్పుకుంటామా?" అంటారు. వాన రాకపోతే ఏ పంట వేయాలో ముందే ఆలోచించిన రైతును ఎవరైనా తెలివితక్కువవాడు అంటారా?

ఇక నమ్మకం కలిగించేది మాటలు కాదు, చేతిలో ఉన్న చిన్న ఆధారం. ఇరవై బోర్ల నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చి, మన ల్యాబులో ఉన్న పరికరాలతోనే పరీక్షించి ఒక పట్టిక పెడితే, పది పేజీల వర్ణన చేయలేని పని అది చేస్తుంది. దానికి గ్రాంటు అక్కర్లేదు. కాళ్లూ, సీసాలూ, రెండు ఆదివారాలూ చాలు.

బడ్జెట్టు దగ్గర మన అమాయకత్వం బయటపడుతుంది. 60 లక్షలు గరిష్ఠం అన్నారు కదా అని సరిగ్గా 60 లక్షలకే లెక్క తెస్తారు. ప్రతి రూపాయీ ఏ లక్ష్యం కోసమో చెప్పగలగాలి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్‌కు నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్‌కు 42,000. రెండేళ్లు జేఆర్‌ఎఫ్‌గా, మూడో ఏడు ఎస్‌ఆర్‌ఎఫ్‌గా ఒక్క మనిషిని పెట్టుకుంటే ఇంటి అద్దె భత్యం కాకుండానే 13 లక్షల 92 వేలు అవుతుంది. ఈ లెక్క వేయకుండా ఇద్దర్ని అడిగి, ఆపైన గ్రాంటు మొత్తాన్నీ మింగేసే ఐసీపీ-ఎంఎస్ యంత్రం కూడా అడిగితే కాగితం అక్కడే పక్కన పడుతుంది. అలాంటి యంత్రాలున్న జాతీయ సంస్థలు ఇదే నగరంలో ఉన్నాయి. వాటిలో ఒకదాని నుంచి "శాంపిళ్లు పరీక్షించి ఇస్తాం" అని ఉత్తరం తెచ్చుకుని జతపరిస్తే, యంత్రం కొనకుండానే యంత్రం ఉన్నట్టు.

ఇంకొక చిన్న సంగతి, చిన్నదే గాని కొంప ముంచేది. దరఖాస్తుతో సంస్థాధిపతి సంతకం చేసిన ఎండార్స్‌మెంటు సర్టిఫికెట్టు పెట్టాలి. ఆ ఫైలు సెక్షన్ల మధ్య తిరిగే వేగం మనందరికీ తెలిసిందే. గడువుకు నెల ముందే ఆ ఫైలు కదపండి. సైన్సు రాయడం చివరి రోజు దాకా సాగినా ఫరవాలేదు గాని, సంతకం ఆగితే సైన్సూ ఆగిపోతుంది.

ఇదంతా చెప్పాక, మొదట పక్కన పెట్టిన సగం నిజానికి వస్తాను. ప్రధానమంత్రి పేరుతో వచ్చిన గ్రాంటుకు రెగ్యులరు ఉద్యోగం ఉండాలి, వయసు 42 దాటకూడదు, కొన్ని వర్గాలకూ స్త్రీలకూ మాత్రం కొంత సడలింపు. నియమం వినడానికి న్యాయంగానే ఉంది. కాని మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి రెగ్యులరు నియామకాలు లేవు. మంజూరైన పోస్టుల్లో పెద్ద భాగం ఖాళీగా పడివుంది. పాఠాలు చెబుతున్నది కాంట్రాక్టు, పార్ట్‌టైము లెక్చరర్లు. ముప్పై ఏళ్లకు పీహెచ్‌డీ పూర్తిచేసిన మనిషి పన్నెండేళ్లు కాంట్రాక్టు మీదే ఉంటే, పర్మనెంటు కుర్చీ దొరికే రోజుకు గ్రాంటు వయసు దాటిపోతుంది. అతనికి ప్రశ్న రాయడం రాకనా? కాదు. అడిగే అర్హతే లేకుండా చేశాం. ఈ సంగతి విద్యార్థి సంఘం పట్టించుకోవలసినది. పోస్టులు నింపమని అడిగేటప్పుడు జీతాల మాటతో పాటు ఈ మాటా అడగాలి: పన్నెండేళ్లలో ఎన్ని ప్రశ్నలు పుట్టకుండానే చచ్చిపోయాయి?

"యెల్లాప్రగడ సుబ్బారావుకు ఎవరిచ్చారండీ గ్రాంటు?" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఇచ్చారు మరి. 1920ల మొదట్లో ఆయన బోస్టను వెళ్లింది కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీతోనూ, మామగారు కూడగట్టిన డబ్బుతోనూ. అది చాలక అక్కడ ఆసుపత్రిలో రాత్రి పనివాడుగా చేశారు. 1925లో ఫిస్కేతో కలిసి ఆయన ప్రకటించిన ఫాస్ఫరసు పరీక్ష తరువాతి తరాల ల్యాబుల్లో నిలిచిపోయింది. అంతటి మేధావికీ మొదట ఎవరో ఒకరు డబ్బు పెట్టవలసి వచ్చింది. ఆయన కష్టం మనకు గర్వకారణమే. కాని అందరూ అలాగే రాత్రుళ్లు మోతపని చేసి పైకి రావాలనడం న్యాయం కాదు. ఒక్క సుబ్బారావు గెలిచాడని చెప్పుకుంటున్నాం సరే, సత్యలింగ నాయకర్ సత్రం గుమ్మం దాకా కూడా చేరలేనివాళ్ల పేర్లు మనకు తెలియనే తెలియవు.

కాబట్టి మన చేతిలో ఉన్నవి రెండు పనులు. మొదటిది, లైబ్రరీలో ఒక అర దరఖాస్తుల కోసం కేటాయించాలి. మంజూరైనవీ, తిరిగొచ్చినవీ, రాసినవాళ్ల అనుమతితో, సమీక్షకుల మాటలతో సహా. తిరిగొచ్చినవాటి నుంచే ఎక్కువ నేర్చుకుంటాం. రెండవది, నెలకొక సాయంత్రం ఒకరి చిత్తుప్రతి అందరూ కూర్చుని చదవాలి. ఒక సైన్సువాడు, ఒక ఎకనామిక్సువాడు, ఒక తెలుగు మేష్టారు, ఇద్దరు విద్యార్థులు ఉంటే చాలు. అర్థం కాలేదని మొహమాటం లేకుండా చెప్పేవాడే ఆ రోజు ముఖ్య అతిథి. దీనికి పైసా ఖర్చులేదు, ఎవరి ఉత్తర్వులూ అక్కర్లేదు. కాంట్రాక్టు లెక్చరర్లను కూడా పిలవాలి. నియమం మారే రోజుకు వాళ్ల కాగితం సిద్ధంగా ఉండాలి కదా.

మా చెరువు గురించిన ప్రశ్నలు ఎవరో ఒకరు ఎప్పటికైనా అడుగుతారు. ఆ బోరు నీళ్లు తాగేవాళ్ల పిల్లలు మన తరగతుల్లోనే కూర్చుంటున్నారు. వాళ్లలో ఒకరు అడిగితే ఏ బోరు ఎప్పుడు రంగు మారిందో, వాన పడితే ఏ సందులో నీళ్లు నిలుస్తాయో కొత్తగా సర్వే చేసి తెలుసుకోనక్కర్లేదు.

నా దరఖాస్తు ప్రతి ఒకటి, సమీక్షకులు పెట్టిన చురకలతో సహా, ఈ వారమే లైబ్రేరియన్ గారికి అప్పజెబుతున్నాను. ఆ అరలో రెండో ఫైలు ఎవరిదో చూడాలని ఉంది.